ఎర్ర ముద్ర పట్టా

కొండవ్వకు అక్షరం ముక్క రాదు. రంగు విషయంలో మాత్రం ఆమెను బోల్తా కొట్టించే మొనగాడు సిద్దిపేట సాలెవాడలో ఇంకా పుట్టలేదు. ఏ ఎరుపు రెండు ఉతుకులకే వెలిసిపోతుందో, ఏ ఎరుపు చీర చిరుగులు పట్టినా నిలుస్తుందో తడి నూలు చేత్తో పట్టుకుని చెప్పేసేది. వాకిట్లో పొయ్యి, దాని మీద రాగి గంగాళం, అందులో కుతకుత ఉడికే రంగునీళ్లు, కర్రకు వేలాడే నూలు కట్టలు, ముప్పై ఏళ్లుగా ఇవే ఆమె పలకా బలపమూ. ఎవరి నూలు ఎవరిదో రాసి పెట్టుకునే అలవాటు ఆ వాడలో రంగులేసే ఆడవాళ్లకు లేదు. కట్టకు ఓ రంగు దారం ముడేస్తే చాలు. పచ్చముడి పోచయ్య నూలు, నల్లముడి దుబ్బాక నుంచి వచ్చిన నూలు, జంటముడి ఉంటే తొందరగా కావాలని అర్థం. మనం పేరు చదివినట్టే ఆమె ముడి చదివేది. ఏనాడూ ఒకరి నూలు ఇంకొకరికి పోలేదు. తన కళ్ల మీద ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలం మొదట్లో కొడుకు దామోదర్ హైదరాబాద్ నుంచి పట్టా తెచ్చాడు. ఎం.ఏ. ఎకనామిక్స్. నల్లకోటు కిరాయికి తీసుకుని, అందరితో పాటు వరుసలో నిలబడి, ఎవరో పెద్దమనిషి చేతుల మీదుగా అందుకున్న పట్టా. కొండవ్వ రెండు చేతులూ సబ్బుతో కడిగి, కొంగుతో తుడుచుకుని, అప్పుడు పట్టుకుంది. మందపాటి కాగితం, కింద కుడిపక్కన బొట్టంత ఎర్ర ముద్ర. బొటనవేలు తడి చేసి ఆ ముద్ర అంచును మెల్లగా రుద్ది చూసింది.

"పోదు. గట్టి రంగే ఏసిన్రు" అంది.

మొగుడు ఉప్పలయ్య మగ్గం గుంటలోంచే నవ్వాడు. "నీకు పట్టా కనవడలేదే, రంగే కనవడ్డది."

"నాకు వచ్చింది గదే గద" అంది కొండవ్వ, ఏ మాత్రం తగ్గకుండా.

దామోదర్ తండ్రి మగ్గం పక్కనే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. జూనియర్ లెక్చరర్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చి ఉంది. జూన్ పన్నెండో తారీఖు, హైదరాబాద్‌లో. అసలు సర్టిఫికెట్లు అన్నీ వెంట తేవాలి, ఒక్కటి లేకున్నా గుమ్మం లోపలికి రానివ్వరు.

"బాపూ, నౌకరి వచ్చిన నాడే ఈ గుంట పూడుస్త" అన్నాడు.

"పూడ్చి?"

"మంచమేస్త. నువ్వు కాళ్లు బార్ల చాపుకొని పండాలె."

ఉప్పలయ్య గుంటలో కాళ్లు కదిపి చూసుకున్నాడు. పొద్దస్తమానం కాళ్లు గుంటలో వేలాడేసి నలభై ఏళ్లు నేసిన మనిషి. సాయంత్రం లేవాలంటే గోడ పట్టుకోవాలి, తిమ్మిరి దిగేదాకా నిలబడలేడు. మంచం మాట విన్నాక ఆ రోజు మగ్గం మీద దారం మోసే నాడె కాస్త జోరుగా ఆడింది.

నిజానికి ఆ వాడకు అది రెండో పట్టా కావాలి. మొదటిది సారయ్యకు రావలసింది. బీడీలు చుట్టే పెంటవ్వ కొడుకు సారయ్య, దామోదర్ ఈడువాడు. ఒకే బడి, ఒకే కాలేజీ, యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గది. చదువులో దామోదర్ కంటే రెండాకులు ఎక్కువే. ఆఖరి పరీక్షలు నెల రోజులున్నాయనగా తన నోట్సంతా దామోదర్ చేతిలో పెట్టి, "నువ్వు రాయిరా, నాకు వేరే పనుంది" అని వెళ్లిపోయాడు. ఏం పనో వాడలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అడవికి పోయి అన్నల్లో కలిశాడు. ఆ నోట్సు చదివే దామోదర్ గట్టెక్కాడు. నోట్సు వెనక నాలుగు సైక్లోస్టైల్ కాగితాలు కుట్టి ఉన్నాయి. కూలిరేట్ల గురించి, దొరల భూముల గురించి నల్ల సిరాతో తీసినవి. చింపేద్దామని దామోదర్ చాలాసార్లు అనుకున్నాడు. స్నేహితుడి చేతి కుట్టు విప్పడానికి మనసు రాక అట్లాగే రేకుపెట్టెలో పెట్టాడు. చదువుకున్నవాళ్ల తెలివి ఒక్కోసారి ఇట్లాగే ఏడుస్తుంది.

ఇంటర్వ్యూకు ఐదు రోజులున్నాయనగా దామోదర్ పొద్దున్నే ఖుతుబుద్దీన్ టైప్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయాడు, బయోడేటా టైపు చేయించుకోవడానికి. పదకొండు గంటలకు వాడ మొగదల రెండు జీపులు, ఒక వ్యాను ఆగాయి. స్పెషల్ పార్టీ వాళ్లు. ఎక్కడివాళ్లో ఎవరికీ తెలియదు, మొహాలకు తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు. నేరుగా పెంటవ్వ ఇంట్లో జొరబడ్డారు.

కొండవ్వ గంగాళంలో కర్ర తిప్పుతూ అంతా చూసింది. నాలుగిళ్ల అవతలే. పెంటవ్వను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. చాట నిండా ఉన్న తునికాకు, తంబాకు దుమ్ములో కలిసిపోయాయి. ఒకడు చూరులో చెయ్యి పెట్టి కాగితం ఒకటి లాగాడు. ఎండలో పైకెత్తి పట్టుకున్నాడు. అచ్చు మొత్తం ఎరుపు. ఇంత దూరానికి అక్షరాలు చదువుకున్నవాళ్లకైనా కనపడవు గానీ ఎరుపు కొండవ్వకు కనపడింది.

"నీ కొడుకు యాడున్నడే?"

"తెల్వదు సారూ, నీ పాదాల మీద ఒట్టు..."

తుపాకీ మడమతో పక్కటెముకల్లో ఒక్కటి పొడిచారు. పెంటవ్వ అరవలేదు, గాలి పోయినట్టు చప్పుడు చేసి పక్కకు ఒరిగింది. రెండోసారి పొడిచినప్పుడు అరిచింది. కాగితం పట్టుకున్నవాడు వాడంతా వినిపించేటట్టు కేక వేశాడు.

"ఇసోంటి కాయితం ఎవనింట్ల దొరికితే వాడు ఠాణాకు వచ్చుడే, ఇంటికి తిరిగొచ్చుడు లేదు. ఇల్లిల్లు సోదా చేయున్రి!"

కొండవ్వ కర్ర గంగాళంలోనే వదిలేసి లోపలికి ఉరికింది. ఉప్పలయ్య మగ్గం మీద రాయిలా బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఆపకు. నెయ్యి. ఆపితే భయపడ్డట్టుంటది" అంది.

నాడె ఆడటం మొదలైంది. ఆమె రేకుపెట్టె మూత తీసింది. లోపల కాగితాలే కాగితాలు. సారయ్య ఇచ్చిన పుస్తకాలు అందులో ఉన్నాయని తెలుసు, ఏవో తెలియదు. కొడుకు సర్టిఫికెట్లు ఉన్నాయని తెలుసు. చదివేవాళ్లు ఎవరూ లేరు, అడిగే సమయం లేదు. నాలుగిళ్లు సోదా చేయడానికి ఎంతసేపు పడుతుంది? కాబట్టి తనకు వచ్చిన చదువే చదివింది. ఎరుపున్నవి ఒకపక్క, నలుపున్నవి ఒకపక్క. నలుపంటే బడి చదువు, ఎరుపంటే చావు. ఇప్పుడే కదా కళ్లారా చూసింది.

పదో తరగతి మెమో మీద ఎర్ర గీత ఉంది. ఇంటరుదాని మీద ఎర్ర అంకెలున్నాయి. బీఏది అంతా ఎర్ర అంచు. ఆఖరికి ఎం.ఏ. పట్టా చేతిలోకి వచ్చింది. అది కొడుకుదేనని ఆమెకు తెలియకపోలేదు. దాని ముద్ర ఆమె స్వయంగా రుద్ది చూసింది. అయినా లెక్క వేసుకుంది. రేషన్ కార్డు పోతే సర్కారు ఇంకోటి ఇస్తుంది, పట్టా పోతే యూనివర్సిటీ ఇంకోటి ఇవ్వదా? కొడుకు పోతే ఇంకో కొడుకును ఎవరిస్తారు? ఆ లెక్కలో తప్పు పట్టే తల్లి ఉంటే ఎదురుగా రమ్మనండి.

ఎరుపున్నవన్నీ కొంగులో చుట్టుకుని వాకిట్లోకి వచ్చి గంగాళం కింద మంటలోకి తోసింది. మెమోలు వెంటనే అంటుకున్నాయి. పట్టా మందంగా ఉండి మొండికేసింది. కట్టెతో లోపలికి నెట్టి, అది నల్లబడి చుట్టుకుపోయేదాకా అక్కడే నిలబడింది. నల్ల సిరావన్నీ పెట్టెలో పదిలంగా ఉన్నాయి.

పోలీసులు వాకిట్లోకి వచ్చేసరికి ఆమె కర్ర తిప్పుతూ ఉంది. వెంట ఎస్సై ఉన్నాడు. మనిషి సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉన్నాడు. ఇద్దరు లోపలికి పోయి పెట్టెను తెచ్చి వాకిట్లో బోర్లించారు. పుస్తకాలన్నీ కిందపడ్డాయి. ఎస్సై బూటు కొనతో ఒక్కొక్కటీ తిరగేస్తూ పోయాడు. ఒక నోటుబుక్కు దగ్గర ఆగాడు. వంగి తీశాడు. మొదటి పేజీ మీద ఉన్న పేరు చదివాడు.

"సారయ్య" అన్నాడు. వెనక పేజీలు తిప్పాడు. కుట్టిన నాలుగు కాగితాలు చూశాడు. నవ్వాడు.

కొండవ్వకు అర్థం కాలేదు. అవి నల్లవి. ఎరుపు చుక్క కూడా లేదు వాటి మీద. "గవి సదువు కాయితాలు సారూ" అంది.

"అవునవును, మంచి సదువే. ఎవనిదిరా ఈ పుస్తకం?" అని లోపల మగ్గం వైపు చూశాడు. "లే!"

ఉప్పలయ్య లేవబోయాడు. పొద్దున్నుంచి గుంటలో వేలాడిన కాళ్లు, గోడ పట్టుకుంటే తప్ప లేవని కాళ్లు. లేవలేకపోయాడు.

"లేవమంటే లేవవారా లంజకొడకా!"

ఒకడు జుట్టు పట్టి, ఇంకొకడు చంక పట్టి గుంటలోంచి పైకి లాగారు. పడుగు దారాలు పటపటా తెగాయి. వాకిట్లోకి తెచ్చి వదిలితే చతికిలబడ్డాడు. నిలబడమన్నారు. నిలబడలేదు. నిలబడనందుకు మోకాళ్ల మీద కొట్టారు. కొట్టాక నిలబడమన్నారు. మళ్లీ కొట్టారు. ఎన్నిసార్లని చెప్పను? కొండవ్వ అడ్డం పడితే ఒకడు ఆమెను పక్కకు తన్నాడు. పడుతూ పడుతూ ఆమె చెయ్యి గంగాళం కడియంలో చిక్కింది. గంగాళం ఒరిగింది. మరుగుతున్న ఎర్రనీళ్లు పొయ్యిని ఆర్పి, వాకిలంతా పారి, ఆమె రెండు కాళ్ల మీద పడ్డాయి. ఆమె కేకకు వాడలో ఉన్న పసిపిల్లలందరూ ఒక్కసారే ఏడ్చారు.

దామోదర్ అప్పుడు వచ్చాడు. ఎవరో పోయి చెప్పారు. వెనకాల ఖుతుబుద్దీన్ "ఠైరో బేటా, వద్దు, నా మాటిను" అంటూ చొక్కా పట్టి లాగుతున్నాడు. దామోదర్ చొక్కా చింపుకుని వచ్చి తండ్రి మీద బోర్లా పడ్డాడు.

"గా నోట్సు నాది సార్! మా బాపుకు ఏం తెల్వదు! మా అవ్వకు సదువే రాదు!"

"అట్లనా?" అన్నాడు ఎస్సై. "అయితే నువ్వే కావాలె."

జీపు ఎక్కించేటప్పుడు దామోదర్ తల ఇనప చువ్వకు కొట్టారు. కొండవ్వ కాలిన కాళ్లతో జీపు వెంట వాడ మొగదలదాకా ఉరికింది. ఎర్రటి అడుగులు పడ్డాయి, రంగువో నెత్తురువో.

రెండు రోజులు ఆమె ఠాణా ముందర కూర్చుంది. కాళ్లకు పసుపు, నూనె రాసి గుడ్డలు చుట్టుకుంది. లోపల్నుంచి కొడుకు అరుపులు వినిపించినప్పుడల్లా చెవుల్లో కొంగు కుక్కుకుంది. ఆ అరుపుల్లో తనను పిలిచినవి ఎన్నో, తనను పిలవొద్దని పళ్లు బిగబట్టినవి ఎన్నో తల్లికి తెలియకుండా ఉంటుందా. ఖుతుబుద్దీన్ పూటకోసారి చాయ్ తెచ్చి పక్కన పెట్టి, చల్లారాక తీసుకుపోయేవాడు. ఉప్పలయ్య ఇంట్లో కదల్లేక పడి ఉన్నాడు.

ఠాణా రైటర్ ఒకడు కాస్త మెత్తటివాడు. బీడీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు అతని కాళ్లు పట్టుకుంది. ఇంటర్వ్యూ ఉందని, సర్టిఫికెట్లు పొయ్యిలో పెట్టానని, యూనివర్సిటీకి పోతే కొత్తవి ఇస్తారా అని అడిగింది.

రైటర్ ఆమె వంక వింతగా చూశాడు. "ఇస్తరవ్వా. కని ఊకే ఇయ్యరు. పాతవి పోయినయి, ఎంత దేవులాడినా దొరకలేదని పోలీసుస్టేషన్ నుంచి కాయితం పట్కపోవాలె. గది సూపెడితే ఇంటర్వ్యూల గూడ గడువిస్తరు."

"ఏ స్టేషన్?"

"ఏ స్టేషనేంది. మీ ఇల్లు దీని కిందికే వస్తది గద."

కొండవ్వ ఠాణా గోడ వంక చూస్తూ ఉండిపోయింది. కొడుకు బతుకు మళ్లీ మొదలు కావాలంటే ఆ గోడ లోపల కూర్చున్నవాడే ముద్ర కొట్టాలి. ఆఖరికి, తన మాట లోపలున్న ఎస్సైకి చెప్పమని రైటర్‌నే బతిమాలింది.

మూడో రోజు, పదో తారీఖు పొద్దున జవాను వచ్చి, "దవాఖాన కాడికి రా, నీ కొడుకును తీస్కపోదువు" అన్నాడు. కుంటుకుంటూ పోయింది. సర్కారు దవాఖాన వెనక, శవాలు కోసే గది ముందర యాప చెట్టు కింద జనం ఉన్నారు. సాలెవాడ వాళ్లే సగం. నడిమధ్యన పెంటవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని మెల్లమెల్లగా ఊపిరి తీస్తోంది. ఆమె ముందు చాప మీద తెల్ల గుడ్డ కప్పిన శవం. గుడ్డలోంచి బయటికి వచ్చిన పాదాలు చూడగానే కొండవ్వ గుర్తుపట్టింది. చిన్నప్పుడు తన వాకిట్లో రంగునీళ్లు తొక్కి అడుగులేసిన పాదాలే. సారయ్య.

జీపులోంచి దామోదర్‌ను దించారు. నడవలేడు. అరికాళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒక కన్ను మూసుకుపోయింది. బల్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొండవ్వ పోయి అతని తల పొట్టకు అదుముకుంది. ఎవరూ ఆపలేదు.

"సూడవయ్యా" అన్నాడు ఎస్సై, చాలా మర్యాదగా. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. "ఇది నీ సర్టిఫికెట్లు దొరకలేదని స్టేషన్ కాయితం. ముద్ర కొట్టి పెట్టిన. ఎల్లుండి నీ ఇంటర్వ్యూ, మీ అమ్మ అంత చెప్పింది. ఇది సారయ్య శవం పంచనామా. దీని మీద నీ సంతకం కావాలె. ఏలిముద్రల పంచనామా అయితే కోర్టుల నవ్వుతరు. సదువుకున్నోని సంతకం ఉంటే బరువుంటది. నువ్వు దీని మీద పెట్టు, నేను అది నీ చేతుల పెడ్త. ఇద్దరం ఇంటికి పోదం."

కొండవ్వకు ఒక్కటే అర్థమైంది, కొడుకు ఇంటికి వస్తాడని. "పెట్టు బిడ్డా" అంది. "నీ కాళ్లు మొక్కుత, పెట్టు. నీ కాయితాలు నేనే కాలవెట్టిన. నా పాపం నువ్వే కడగాలె. పెట్టు."

దామోదర్ ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. కాళ్లకు చుట్టిన గుడ్డల దగ్గర చూపు ఆగింది.

"సాక్షి అంటే చూడాలె గద సార్" అన్నాడు. "శవాన్ని చూస్త."

ఎస్సై విసుక్కున్నాడు గానీ సైగ చేశాడు. జవాను గుడ్డ తీశాడు. జనంలోంచి మూలుగు వచ్చింది. దామోదర్ మోకాళ్ల మీద పాకుతూ పోయి సారయ్య పక్కన కూర్చున్నాడు. మొహం చూశాడు. చేతులు ఎత్తి చూశాడు. రెండు మణికట్ల చుట్టూ తోలు ఒలిచిపోయి నల్లటి గీతలున్నాయి. ఎడమ చెవి పక్కన చిన్న బొక్క, దాని చుట్టూ మసి. ఆ మసిని దామోదర్ చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డ తనే కప్పి, మళ్లీ పాకుతూ వచ్చి కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. పంచనామా చేతిలోకి తీసుకుని పైకి చదివాడు. అరిచి అరిచి గొంతు పోయింది, అయినా అందరికీ వినపడేటట్టే చదివాడు.

"తెల్లవారుజామున గుట్టల వద్ద మృతుడు పోలీసులపై కాల్పులు జరపగా, ఆత్మరక్షణ కోసం పోలీసులు జరిపిన ఎదురుకాల్పులలో మృతి చెందినట్లు పంచుల అభిప్రాయం."

"సదువమన్నరా నిన్ను?" అన్నాడు ఎస్సై.

దామోదర్ పెంటవ్వ వైపు తిరిగాడు. పెంటవ్వ తల ఎత్తింది.

"పెట్టు బిడ్డా" అంది. "నావోడు పోయిండు. నువ్వన్న బతుకు. సంతకం పెట్టి నౌకరి తెచ్చుకో. నేనేమనుకోను."

ఆ మాట వినేసరికి కొండవ్వ బల్ల దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇప్పటిదాకా తను అడిగింది ఏమిటో అప్పుడు తెలిసింది ఆమెకు. పెట్టు అని ఇంకోసారి అందామంటే చాప మీద సారయ్య ఉన్నాడు. పెట్టొద్దు అందామంటే కొడుకు కన్నూ, ఉబ్బిన కాళ్లూ ఎదురుగా ఉన్నాయి. తల్లి మనసు అప్పుడు ఎంత చండాలంగా ఉంటుందో తల్లులకే తెలుసు.

దామోదర్ కలం తీసుకున్నాడు. పంచనామా కింద ఖాళీ జాగా ఉంది. రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఒక్కో మాటా పైకి అన్నాడు, పిల్లలకు పాఠం చెప్పే లెక్చరర్ అన్నట్టే.

"మృతుని రెండు మణికట్ల మీద తాడుతో కట్టిన గుర్తులున్నాయి. చెవి పక్కన తుపాకీ ఆనించి కాల్చిన మసి ఉంది. ఎదురుకాల్పులు అబద్ధం."

జవాను లాఠీ ఎత్తి వచ్చేలోపే దాని కింద ఇంకేదో పైకి అనకుండా రాశాడు. చివరి అక్షరం పూర్తవుతుండగా లాఠీ దిగింది. బల్ల మీద ఉన్న కుడిచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు జనానికి వినపడింది. రెండో దెబ్బ దిగేలోపు కొండవ్వ ఆ చేతి మీద పడింది. లాఠీ ఆమె వీపు మీద విరిగింది. మూడోది ఆమె చెవి మీద పడి తల దిమ్మెక్కింది. జవాను బూటుతో కొడుకు పొట్టలో తన్నాడు. దామోదర్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. "కొట్టకున్రి!" అని ఎవరో అరిచారు. ఖుతుబుద్దీనే. అతని వెనక సాలెవాడ జనం ఒక్కసారే రెండడుగులు ముందుకు వచ్చారు. ఎస్సై నడుము దగ్గరి పిస్తోలు తీసి ఆకాశంలోకి పేల్చాడు. యాపచెట్టు మీది కాకులన్నీ లేచాయి. జనం ఆగారు. వెనక్కి మాత్రం పోలేదు.

ఎస్సై పంచనామాను నాలుగు ముక్కలు చేశాడు. ముద్ర కొట్టిన రెండో కాగితాన్ని కొండవ్వ కళ్ల ముందే ఎనిమిది ముక్కలు చేశాడు. జీపులోంచి కొత్త కాగితం తెప్పించి, ఎవరో కాంట్రాక్టరు మనిషిని పిలిచి సంతకం పెట్టించుకున్నాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. దామోదర్‌ను మళ్లీ ఎందుకు జీపు ఎక్కించలేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. జనాన్ని చూసి వెనక్కి తగ్గాడంటారు కొందరు. ఇక వీడితో పని లేదనుకున్నాడంటారు ఇంకొందరు.

దవాఖాన వరండాలో కంపౌండర్ దామోదర్ చేతికి అట్టముక్క ఆనించి కట్టు కట్టాడు. మూడు వేళ్లు విరిగాయి, కలం పట్టే వేళ్లే. కట్టు కట్టినంతసేపూ కొండవ్వ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎల్లుండి హైదరాబాద్‌లో పేరు పిలుస్తారు, పలికేవాడు ఉండడు. ఇక ఈ ఠాణా కింద బతికినంత కాలం ఆ కాగితం రాదు, ఆ పట్టా రాదు. గుంట పూడ్చేదీ లేదు, మంచం వేసేదీ లేదు. అదంతా ఆమెకు తెలుసు. కాల్చిన పొయ్యి తనది కాబట్టి ఇంకా బాగా తెలుసు.

"నన్ను తిట్టు కొడుకా" అంది. "ఒక్కసారన్న తిట్టు."

"ఎందుకవ్వా? నువ్వు నన్ను బతికిచ్చేందుకే కాల్చినవ్" అన్నాడు దామోదర్. గొంతులో గరగర తప్ప మాట సరిగా రావడం లేదు.

అప్పుడు పెంటవ్వ గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చింది. శవాన్ని ఇంకా ఇవ్వలేదు, సాయంత్రమవుతుందన్నారు. వచ్చి దామోదర్ కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ ఉబ్బిన అరికాళ్ల మీద చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టింది.

"బిడ్డా, నువ్వు రాసింది నాకు సగమే ఇనవడ్డది" అంది. "ఇంకోసారి సదువు."

"కాయితం చింపిండు పెద్దవ్వా."

"చింపితేంది? రాసినోనివి నువ్వే గద. సదువు."

దామోదర్ తెరుచుకుని ఉన్న ఒక్క కన్నూ మూసుకున్నాడు. లేని కాగితాన్ని మొదటి నుంచి చదివాడు. మణికట్ల మీది గుర్తులు, చెవి పక్కన మసి, ఎదురుకాల్పులు అబద్ధం. పెంటవ్వ పెదవులు అతనితో పాటు కదిలాయి, బడిపిల్ల అప్పజెప్పుకుంటున్నట్టు. కొండవ్వ కూడా లోలోపల ఒక్కో మాటా పట్టుకుంది.

"ఆఖరుకు ఇంకేదో రాసినవ్ గద" అంది పెంటవ్వ. "గది గూడ సదువు."

"చూసి రాసినవాడు" అన్నాడు దామోదర్. "దామోదర్, ఎం.ఏ."